మన నీళ్ళు వచ్చే దారి

(ఆదివారము ఉదయము రేడియోలో ప్రసారమైన ప్రసంగ పాఠము)

 

ఈ దినము నేను మాట్లాడబోయే సంగతి కొందరికి వింతగా తోచవచ్చును. వేసవి సెలవులలో మీ పిల్లలను ఎక్కడికి తీసుకువెళతారు? ఇది ప్రసంగమునకు తగిన అంశమేనా అని అడుగుతారేమో. నాలుగు మాటలు విన్న తరువాత మీరే చెప్పండి.

మన గుంటూరు, ప్రకాశం మెట్ట ప్రాంతముల క్యాలెండరు గోడ మీద ఉండదు, పొలములో ఉంటుంది. దసరా దాటితే పత్తి తీత. క్రిస్మసు ముగించుకుని సంక్రాంతి చేసుకునేలోపు మిర్చి కోత. ఫిబ్రవరి, మార్చి నెలలు కళ్ళములోనే గడచిపోతాయి. కాయ ఆరబోయాలి, తాలు ఏరాలి, టిక్కీలు తొక్కాలి, లారీ ఎక్కించాలి. మే నెల నడిమికి వచ్చేసరికి గుంటూరు మిర్చి యార్డుకే వేసవి సెలవులిస్తారు. ఆ నెలలోనే మన రైతు ఇంట్లో కూర్చుంటాడు. బడులు కూడ అప్పుడే మూసి ఉంటాయి. కాని అప్పుడు ఎండ నిప్పులు కక్కుతుంది, వాగులు ఎండి ఉంటాయి. నీళ్ళున్నప్పుడు మనకు తీరిక లేదు, తీరిక ఉన్నప్పుడు నీళ్ళు లేవు. అందుచేత మన పిల్లలు ఎక్కడికీ పోకుండానే పెద్దవారైపోతున్నారు. ఎక్కడికైనా పోతే, ఒకనాడు ఒంటరిగా, స్నేహితులతో, మనకు చెప్పకుండా పోతున్నారు. ఆ రెండవ సంగతి గురించే నేను ఎక్కువగా ఆలోచన చేస్తున్నాను.

మా సంఘములో ఒక మిర్చి రైతు ఉన్నాడు. కొన్నేళ్ళ క్రిందట అతని కుమార్తె పదవ తరగతి పరీక్షలు వ్రాసింది. జూను నెలలో ఇంటరు చదువుకు హాస్టలులో చేరాలి. మీకు తెలియనిది కాదు, మన వైపు పిల్లలు ఒకసారి ఇంటరు హాస్టలుకు వెళ్ళారంటే ఆ తరువాత ఇంటికి చుట్టపుచూపుగానే వస్తారు. నేను అతనితో, "ఏమయ్యా, పిల్లకు సాగర్ చూపించావా?" అని అడిగాను. "చూపించేదేముంది అయ్యగారూ, కాలువలో ఆ నీళ్ళు రోజూ చూస్తూనే ఉందిగా" అన్నాడు. భార్య ఊరుకోలేదు. నలుగురూ బస్సెక్కి మాచర్ల మీదుగా వెళ్ళారు.

సాగర్ ఆనకట్ట దగ్గర నిలబడి ఆ అమ్మాయి తండ్రిని అడిగిందట: "నాన్నా, మన పొలానికి వచ్చేవి ఈ నీళ్ళేనా?" అవునన్నాడు. "మరి ఇవి రాని ఏడు ఏం చేశాము?" అన్నది. ఆ మాటకు జవాబు చెప్పడానికి అతడు అక్కడే గట్టు మీద కూలబడ్డాడట. 2002, 2003 ప్రాంతములలో కాలువ ఎండిపోయిన సంగతి, ఆ ఏటి అప్పు, ఆ అప్పు మీద అప్పు, దానిని తీర్చడానికి అమ్మిన ఎకరము, అంతా చెప్పాడు. ఆ పిల్ల తన తండ్రి అప్పు గురించి వినడము అదే మొదటిసారి. "ఇంట్లో ఉంటే చెప్పేవాడిని కాదండీ" అని నాతో అన్నాడు. ఇంట్లో ఎందుకు చెప్పలేకపోయాడు? ఇంట్లో టీవీ ఉంది, ఫోను ఉంది, గుమ్మములో అప్పులవాడు ఉన్నాడు. అక్కడ కొండల మధ్య నీళ్ళు, ప్రక్కన కన్నకూతురు, అంతే.

నాగార్జునసాగర్ మన వారికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? అయినను పిల్లలకు చెప్పవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. నల్లమల కొండలను కోసుకుంటూ వచ్చిన కృష్ణానది నందికొండ దగ్గర రెండు కొండల సందులో నుండి బయట పడుతుంది. ఆ సందులోనే 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ గారు కాలువలకు నీరు వదిలారు. ఇది ముఖ్యముగా రాతితో కట్టిన కట్టడము. యంత్రములు తక్కువై, చేతులు ఎక్కువై, వేలమంది కూలీలు రాళ్ళు మోసి కట్టినది. 124 మీటర్ల ఎత్తు, 26 గేట్లు. ఆ కూలీలలో మన తాతలు, అవ్వలు ఉన్నారు. మీ ఇంట్లో ముసలివారెవరైనా అక్కడ రాయి మోసినవారు ఉంటే, వారి గురించి మనుమలతో ఆ గట్టు మీదనే చెప్పండి. దర్శి, అద్దంకి వైపు మెట్ట చేలకు నీరు తెచ్చిన జవహర్ కుడి కాలువ ఇక్కడే పుట్టింది.

అక్కడికి కొద్ది దూరములోనే ఎత్తిపోతల ఉన్నది. చంద్రవంక వాగు సుమారు 70 అడుగుల ఎత్తు నుండి లోయలోనికి దూకి, కృష్ణలో కలుస్తుంది. లోయకు ఇవతలి అంచున నిలబడి చూడవచ్చును. అదే మేలు కూడ. అక్కడ మొసళ్ళ పెంపకము ఉన్నదని పిల్లలకు ముందుగానే చెప్పండి, ఇక దిగుతామని మారాము చేయరు.

అయితే ఈ దినము నేను మిమ్మును మరొక నది వెంట నడిపించవలెనని తలచాను. అది గుండ్లకమ్మ.

ఒంగోలు ప్రాంతపు సంఘములకు ఈ నది పేరు క్రొత్తగా చెప్పనక్కరలేదు. 1876 నుండి 1878 వరకు వచ్చిన పెద్ద కరవులో మిషనరీ జాన్ క్లఫ్ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి పని కల్పించారు. కరవు తగ్గుముఖము పట్టిన తరువాత, 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీటిలో నిలబడి, అలసిపోయినప్పుడు మరి ఇద్దరు దిగి, ప్రొద్దుటి నుండి సాయంకాలము వరకు ఇచ్చారు. మీ ఇంటి పేరు గల ముత్తాత ఆ దినమున ఆ వరుసలో నిలబడి ఉండవచ్చును. మన సండేస్కూలు పిల్లలకు యొర్దాను ఎక్కడున్నదో పటములో చూపిస్తాము. గుండ్లకమ్మ ఎక్కడ పుట్టినదో అడిగితే పెద్దలమే తడుముకుంటాము.

అది నల్లమలలో, గుండ్ల బ్రహ్మేశ్వరము దగ్గర పుడుతుంది. అడవిలో కొండలను ఒరుసుకుంటూ వచ్చి, కంభము చెరువులో చేరి, అక్కడ నుండి మార్కాపురము మీదుగా మెట్ట చేల మధ్య తిరిగి తిరిగి ఒంగోలు ప్రక్కగా సముద్రములో కలుస్తుంది. కనుక నా సలహా ఏమనగా, ఈ నదిని సముద్రము నుండి కొండకు, అనగా వెనుకకు చూస్తూ వెళ్ళండి. రెండు దినములు చాలును. మొదట వెల్లంపల్లి దగ్గర దిగండి. దాపుననే మల్లవరము దగ్గర గుండ్లకమ్మ రిజర్వాయరు ఉన్నది. 2008లో ప్రారంభమైన ఆ జలాశయములో 2022లో ఒక గేటు, 2023లో మరొక గేటు కొట్టుకుపోయి, కూడబెట్టిన నీరంతా సముద్రము పాలయినది. దానికి క్రిందనున్న రైతులను అడిగితే ఆ రాత్రుల సంగతి చెబుతారు. అది కూడ పిల్లలు వినవలసినదే.

తరువాత మార్కాపురము. మన తరము వారు అక్షరాలు దిద్దిన పలకలు అక్కడి రాయితో చేసినవే. పుస్తకములో పేజీల వలె పొరలు పొరలుగా విడిపోయే రాయి అది. దాని పైన, దాని ప్రక్కన నల్లమలలో ఉన్నది మరొక రకము, సుత్తి దెబ్బకు నిప్పు రవ్వలు చిమ్మేంత గట్టి రాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాళ్ళ వయస్సు వంద కోట్ల సంవత్సరాలకు పైమాటే అంటారు. మెత్తని పలక రాయిని నీరు త్వరగా తినివేస్తుంది. గట్టి రాయిని తినలేక దానిలో పగులు వెదుక్కుని సన్నని సందు కోస్తుంది. మనము లోయ అని, కనుమ అని, సందు అని పిలిచేవన్నీ అలా ఏర్పడినవే. పిల్లవానికి ఇది చెప్పడానికి మీరు మేష్టారు కానక్కరలేదు. మీ పొలములో బోదె తెగినప్పుడు నీరు మన్నును ఎలా కోస్తుందో చూపించండి, చాలును.

కంభము చెరువు దగ్గర కొంచెము ఎక్కువసేపు ఆగండి. చాలామంది దానిని చూసి, "చెరువే గదా" అని ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. గుండ్లకమ్మ రెండు కొండల మధ్యనుండి బయటకు వచ్చే ఇరుకు సందును ఎవరో చూశారు. ఈ సందును ఒక్క కట్టతో మూసివేస్తే లోపలి లోయ అంతా చెరువవుతుందని ఆలోచన చేశారు. కట్ట ఎత్తు 57 అడుగులు. శ్రీకృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ దీనిని కట్టించినదని చెబుతారు. అయిదు వందల సంవత్సరములుగా ఆ కట్ట నిలిచి ఉన్నది. చెరువు పూర్తిగా నిండని సంవత్సరములు, ఎండిపోయిన సంవత్సరములు కూడ ఉన్నాయి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము దీనిని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడముగా గుర్తించినది. పెట్టుబడి లెక్కలు వేసుకునే రైతు ఆ కట్ట మీద నడిచి చూడవలసినదే. నేను నడిచినప్పుడు నాకు అనిపించినది చెబుతాను: మన సిమెంటు మీద మనకున్న గర్వము కొంచెము తగ్గుతుంది.

ఇక కొండలోనికి. రాచర్ల మండలములో జె. పుల్లలచెరువు దాటి అడవిలోనికి వెళితే, నెమలిగుండ్ల అనే చోట గుండ్లకమ్మ రెండు కొండల నడుమ నుండి దూకి లోతైన గుండములో పడుతుంది. అది హిందూ సహోదరుల క్షేత్రము. శనివారము భక్తులు వస్తారు. మనము వెళ్ళినప్పుడు వారి స్థలములో ఎలా నడుచుకోవాలో అలా నడుచుకుందాము. మన గుడికి అన్యులు వచ్చి కేకలు వేస్తూ సీసాలు పగలగొడితే మనకు ఎలా ఉంటుంది? అదే కొలత. అడవిలోనికి వెళ్ళే ముందు అటవీశాఖ వారిని అడగండి, వారు వద్దన్నప్పుడు మానండి, చీకటి పడక ముందే తిరిగి రండి. ఇటు కనిగిరి దాటి సి.ఎస్. పురము వైపు భైరవకోన కూడ ఇలాంటిదే. కొండ కోనలో ఒకే రాతిలో తొలిచిన ఎనిమిది గుహాలయములు, ప్రక్కన జలపాతము.

మే నెలలో వెళితే అక్కడ నీరు లేదని నిరాశపడతారేమో. నేను మాత్రము పిల్లలను మొట్టమొదట మే నెలలోనే, తెల్లవారుజామున, ఎండ ముదరక ముందు తీసుకువెళ్ళమని చెబుతాను. ఎందుకో వినండి. నీరు లేనప్పుడు వాగు తన రహస్యములన్నీ చూపిస్తుంది. బండ రాతిలో బావుల వంటి గుండ్రని గుంటలు కనిపిస్తాయి. వరదలో సుడి తిరిగే నీరు గులకరాళ్ళను తిప్పి తిప్పి, బరమా పెట్టి తొలిచినట్లు ఆ గుంటలను తొలిచినది. కొన్ని మనిషి లోతు, కొన్ని ఇద్దరు మనుష్యుల లోతు. అంచులు గాజు వలె నున్నగా ఉంటాయి, పట్టుకోవడానికి ఒక్క గరుకు ఉండదు. పిల్లవానిని ఆ గుంట ప్రక్కన నిలబెట్టి, "అక్టోబరులో వస్తే ఇది నీకు కనిపించదు, పైన మోకాలి లోతు నీరు పారుతున్నట్లే ఉంటుంది" అని చెప్పండి. పదేళ్ళ తరువాత స్నేహితులు దూకరా దూకరా అని కేకలు వేసినప్పుడు వానికి ఆ గుంట గుర్తుకు వస్తుంది. మీరు వంద సార్లు చెప్పిన బుద్ధి గుర్తుకు రాకపోవచ్చును.

ప్రియులారా, బైబిలు దేశము కూడ వాగుల దేశమే. ఏలీయా ప్రవక్త దాగియున్న కెరీతును మన తెలుగు బైబిలు వాగు అనే పిలుస్తుంది. 1 రాజులు 17వ అధ్యాయము చదవండి. దేవుడు పంపిన చోటనే, దేవుని సేవకుడు త్రాగుతున్న వాగే, వానలు లేనందున ఎండిపోయినది. కాలువ రాని సంవత్సరము చూసిన మన రైతుకు ఆ అధ్యాయము పెద్ద నగరములో ఉన్నవానికంటె బాగా అర్థమవుతుంది. న్యాయాధిపతుల గ్రంథములో కీషోను వాగు సీసెరా సైన్యమును కొట్టుకొనిపోయిన సంగతి ఉన్నది. ఇనుప రథములున్న సైన్యము అది. ఎండిన వాగే, వాన పడిన గడియలో ఏమి చేయగలదో ఆ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూడండి.

ఆ లోయలు నేటికిని అలాగే ఉన్నాయి. మృత సముద్రమునకు తూర్పున అర్నోను లోయలో ఇప్పుడు యాత్రికులు తాళ్ళు పట్టుకుని నీటిలో నడుస్తారు, సరదాగా ఉంటుందట. దానికి ఉత్తరమున మరొక వాగులో, 2018 అక్టోబరులో, విహారయాత్రకు వచ్చిన బడిపిల్లల మీదికి ఉన్నట్టుండి వరద వచ్చి ఇరవై మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది పిల్లలే.

దూరదేశము మాట ఎందుకు? 2014 జూన్ 8వ తేదీని మనము మరువగలమా? హైదరాబాదునుండి హిమాచల్ ప్రదేశ్ విహారయాత్రకు వెళ్ళిన ఇంజినీరింగు విద్యార్థులు 24 మంది బియాస్ నదిలో కొట్టుకొనిపోయారు. లోయలో నది మధ్య బండల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. నీరు తక్కువగా ఉన్నది. ఎగువన లార్జి ఆనకట్ట నుండి నీరు వదిలారు. క్షణములలో అయిపోయినది. 2017 నవంబరు 12వ తేదీ ఆదివారము సాయంకాలము ఇబ్రహీంపట్నము ఫెర్రీ దగ్గర కృష్ణలో పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది మన ఒంగోలు వారు. కుటుంబములతో విహారమునకు వచ్చినవారు. 2019 సెప్టెంబరు 15వ తేదీ, అది కూడ ఆదివారమే, గోదావరి పాపికొండల సందులోనికి బయలుదేరిన బోటు కచ్చులూరు దగ్గర వరద నీటిలో మునిగిపోయినది. 77 మందిలో 26 మంది మాత్రమే బ్రతికారు. బ్రతికినవారిలో చాలామంది లైఫ్ జాకెట్టు వేసుకుని ఉన్నవారని అప్పట్లో పత్రికలలో చదివాము. వారిని బయటకు లాగినవారు అక్కడి గ్రామస్థులు, తమ చిన్న పడవలలో వెళ్ళి లాగారు. మునిగిన బోటును ధర్మాడి సత్యము గారి బృందము అక్టోబరు 22న పైకి తీసేవరకు, 38 దినములు, కొన్ని కుటుంబములు ఒడ్డునే కనిపెట్టుకుని ఉన్నాయి.

ఇవి చెప్పినది మిమ్మును భయపెట్టి ఇంట్లో కూర్చోబెట్టడానికి కాదని మీరు గ్రహించాలి. భయపడి పిల్లలను ఆపితే ఏమవుతుందో ముందే చెప్పాను, మీకు చెప్పకుండా వెళతారు. మీరే తీసుకువెళ్ళండి, మీరే నేర్పండి.

ఏమి నేర్పాలి? లోయలో నిలబడినప్పుడు మన నెత్తి మీద ఆకాశము చూసి మోసపోకూడదు. పైన ఎక్కడో కొండలలో పడిన వాన ఇక్కడికి వస్తుంది. ఉన్నట్టుండి నీరు ఎర్రబడినా, ఆకులు, పుల్లలు, నురుగు కొట్టుకొని వస్తున్నా, దూరమునుండి బండి వస్తున్నట్లు హోరు వినిపించినా, సామాను విడిచిపెట్టి ప్రక్క గట్టు ఎక్కాలి. వాగు వెంబడి క్రిందికి పరుగెత్తకూడదు, నీరు మనకంటె వేగముగా వస్తుంది. ఆనకట్ట క్రింద నది ఒడ్డున ఎప్పుడును నిలబడకూడదు. గేట్లు ఎత్తనక్కరలేదు, కరెంటు తీయడానికి నీరు వదిలినా మట్టము పెరుగుతుంది. నాచు పట్టిన బండ మీద చెప్పులతోనైనా వట్టి కాళ్ళతోనైనా జారుడే.

మరొకటి ఉన్నది, ఇది తల్లులు బాగా వినాలి. మన వైపు నీటిలో చనిపోయేవారిని గమనించండి, తరచుగా ఒక్కరు కాదు. తమ్ముడు జారాడని అన్న, అన్న కోసము బావ, వారి కోసము తండ్రి. ప్రేమ కొద్దీ దూకినవారే, ఈత రానివారే. పత్రికలో ఒకే ఇంటి వారి ఫొటోలు వరుసగా వేస్తారు. కాబట్టి బయలుదేరేటప్పుడే ఇంటిల్లిపాది ఒక మాట అనుకోండి: ఈత రానివారు ఎవరి కోసమైనను నీటిలో దిగరు. ఒడ్డున ఉండి తాడు విసరాలి. తాడు లేకపోతే చీర, పంచె, చున్నీ. అయిదు లీటర్ల నూనె క్యాను ఖాళీది మూత బిగించి తాడుకు కట్టి పట్టుకెళ్ళండి. అది మునిగేవాని చేతికి అందితే తేలుతాడు. ఖర్చు లేని సాధనము, సంచిలో పడేస్తే సరి. బోటు ఎక్కితే జాకెట్టు కట్టుకున్న తరువాతే కూర్చోవాలి, భోజనము వడ్డించినా విప్పకూడదు, ఉక్కగా ఉన్నా విప్పకూడదు. బోటువాడు జాకెట్లు లేవంటే దిగి వెనుకకు రండి. టిక్కెట్టు డబ్బు పోతే పోనివ్వండి.

దారి చూపేవారు ఎవరని మీరు అడుగుతారేమో. మీ చేలోనే ఉన్నారు. ప్రతి సంవత్సరము మిర్చి కోతకు గిద్దలూరు వైపునుండి, మార్కాపురము వైపునుండి, కర్నూలు వైపునుండి కూలీలు వలస వచ్చి మన చేల గట్ల మీద గుడిసెలు వేసుకుంటారు. గుండ్లకమ్మ ఎక్కడ లోతో, ఏ వాగు ఏ నెలలో పొంగుతుందో, ఏ దారిన ఎలుగుబంటి తిరుగుతుందో ఆ తల్లులకు తెలిసినట్లు ఏ గైడుకు తెలుసు? మూడు నెలలు మన కాయలు కోసిన మనిషిని వారి ఊరి పేరు కూడ అడగకుండా పంపిస్తున్నాము. ఈసారి కూలి లెక్క చూసేటప్పుడు అడగండి. "మీ ఊరు వస్తామమ్మా, వాగు చూపిస్తావా?" అనండి. ఆమె ముఖము చూడండి అప్పుడు.

సంఘ కాపరులకు ఒక మనవి. యవ్వనస్థుల పిక్నిక్కు పేరుతో ట్రాక్టరు ట్రక్కులో నలభైమందిని నిలబెట్టి ఘాటు రోడ్డు ఎక్కించకండి. బస్సు మాట్లాడండి, చందా కొంచెము ఎక్కువైనా సరే. చందా ఇవ్వలేని ఇంటి పిల్లలను లెక్కలో ముందుగా వ్రాసుకోండి, చివరకు సీట్లు మిగిలితే చూద్దామనకండి.

పురుషులకు ఒక మనవి. విహారయాత్ర అంటే మీ ఇల్లాలు రాత్రి రెండు గంటలకు లేచి పులిహోర కలపడము, పూరీలు వత్తడము, అక్కడికి వెళ్ళి వడ్డించడము, సాయంకాలము గిన్నెలు తోమడము అయితే అది ఆమెకు విహారము కాదు, స్థలము మారిన వంటగది. రొట్టెలు, అరటిపండ్లు, పెరుగన్నము సరిపోతాయి. ఒక్కపూట మీరు వడ్డించండి. మోకాళ్ళ నొప్పులతో కొండ ఎక్కలేని అమ్మను క్రింద చెట్టు నీడలో ఒంటరిగా విడిచిపెట్టకుండా, వంతులు వేసుకుని ఒకరు ఆమె దగ్గర కూర్చోండి. ఆమె చెప్పే పాత కరవు కథ జలపాతము కంటె బాగుండవచ్చును.

ఆ మిర్చి రైతు కుమార్తె ఇప్పుడు ఉద్యోగము చేసుకుంటున్నది. ఆ దినము గట్టు మీద విన్న అప్పును తన జీతములో నుండి తీర్చినదని నేను చెప్పబోవడము లేదు, అలా జరగలేదు. అప్పు ఇంకను కొంత ఉన్నది. నెలకు ఒకసారి ఫోను చేసి, "నాన్నా, కాలువకు నీళ్ళు వదిలారా?" అని అడుగుతుందట. మొదట ఆ మాట, తరువాతనే ఆరోగ్యము సంగతి.

ప్రార్థన చేసుకుందాము. పరలోకమందున్న మా తండ్రీ, ఈ వారము కొండలకు, నదులకు బయలుదేరుచున్న కుటుంబములను నీ చేతికి అప్పగించుచున్నాము. బస్సు నడుపు డ్రైవర్లకు మెలకువను, బోటు నడుపు సరంగులకు బుద్ధిని దయచేయుము. తమ పిల్లలను నీటిలో పోగొట్టుకుని, సెలవుల మాట వింటేనే తల్లడిల్లు తల్లిదండ్రులను జ్ఞాపకము చేసుకొనుము. ఎవరు మునిగినను పిలువగానే వచ్చి, పరుల బిడ్డల కొరకు చీకటి నీటిలో దిగుచున్న గజ ఈతగాళ్ళను, జాలరులను కాపాడుము. కంభము చెరువు క్రిందను, సాగరు కాలువ క్రిందను విత్తనము పట్టుకుని ఆకాశము వైపు చూచుచున్న వారికి ఈ సంవత్సరము నీరు దయచేయుము. ఆమేన్.